వ్యాను ట్యాంకుకు గాలి గొట్టం: ప్రాజెక్టు డైరీ

1 ఫిబ్రవరి 2025, శనివారం

వ్యాను లోపల నేల మీద పరిచిన ప్లైవుడ్ ఒక మూల ఉబ్బింది. బొటనవేలితో నొక్కితే నానిన అప్పడంలా లోపలికి దిగింది. తలుపు తీయగానే వచ్చే ముక్కిపోయిన వాసనకు ఇన్నాళ్ళూ తడి గుడ్డలనే నిందించాను. అసలు దొంగ ట్యాంకు మూత.

కిటికీలు కడగడం నా వృత్తి. ఉండేది ఇంగ్లండులోని రెడింగ్‌లో. ఇక్కడ బక్కెట్టు, నిచ్చెన పట్టుకుని తిరిగే రోజులు చాలావరకు పోయాయి. నేల మీద నిలబడి చేయగలిగిన పనికి ఎత్తు ఎక్కవద్దని 2005లో నిబంధనలు వచ్చాక చాలామంది పోల్‌కు మళ్ళారు. పొడవాటి కార్బన్ ఫైబర్ గడ, కొసన బ్రష్షు, గడ లోపలి నుంచి బ్రష్షుకు శుద్ధమైన నీళ్ళు. టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన లవణాల కొలత, సున్నా ఉన్న నీళ్ళయితే అద్దాన్ని తుడవనక్కరలేదు, ఆరినా మరక మిగలదు. ఈ ప్రాంతమంతా సుద్దరాతి నేల. మా కుళాయి నీళ్ళకు మీటరు 330 దాకా చూపిస్తుంది. అందుకని ఆర్‌ఓలో వడకట్టి, మిగిలిన లవణాలను పట్టుకునే రెజిన్ సీసా గుండా పంపి, ఇంటి వెనక వెయ్యి లీటర్ల తొట్టిలో నిలవ చేస్తాను. పొద్దున ఆ తొట్టి నుంచి నిమిషానికి 15 లీటర్ల చొప్పున మోటారుతో వ్యాను ట్యాంకులోకి.

వ్యాను పాత వివారో. ట్యాంకు 500 లీటర్లది, పాలిథీన్. పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 95, ఎత్తు 45. నీళ్ళు ఊగకుండా లోపల అడ్డు పలకలు, కింద ఉక్కు చట్రం, చట్రాన్ని వ్యాను నేలకు బోల్టులతో బిగించి ఉంది. పైన ముందు వైపు ఎనిమిది అంగుళాల మర మూత. దాని నడుమ అగ్గిపుల్ల దూరేంత గాలి రంధ్రం. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు బ్రేకు వేస్తే ఆ రంధ్రంలోంచీ మర అంచులోంచీ నీళ్ళు చిమ్ముతాయి. రోజుకు లీటరో లీటరున్నరో చెక్కలోకి ఇంకుతున్నాయి.

ఇరవై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్న స్థానిక మిత్రుడిని అడిగితే, మూత వదులుగానే ఉంచాలి, తడి అన్నది ఈ వృత్తిలో భాగమే అన్నాడు. నాకు నచ్చలేదు. మూత కింద కొత్త రబ్బరు వాషరు వేసి, రంధ్రం మీద అల్యూమినియం టేపు అంటించి, రెండు చేతులతో బిగించాను. ఇరవై నిమిషాల పని. ఘనకార్యం చేసినట్టు టీ పెట్టుకుని తాగాను.

3 ఫిబ్రవరి, సోమవారం

మూడో ఇంటి దగ్గర పంపు గొంతు మారింది. రోజూ టకటకమనేది మూలగడం మొదలుపెట్టింది. బ్రష్షు దగ్గర నీళ్ళు సన్నబడ్డాయి. బ్యాటరీ చూశాను, ఫిల్టరు విప్పి కడిగాను, పైపులో మెలిక కోసం తోటంతా తిరిగాను. నలభై నిమిషాలు పోయాయి. అప్పుడు వ్యానులోంచి డబ్బుమని శబ్దం. ట్యాంకు పైభాగం అన్నం పళ్ళెంలా లోపలికి గుంట పడి ఉంది. మూత తిప్పబోతే కదలలేదు. టేపు పీకగానే బుస్సుమని గాలి లోపలికి పోయింది, గుంట మెల్లగా పైకి లేచింది.

రాత్రి బాబాయికి ఫోను చేశాను. తెనాలి పక్క ఊళ్ళో మంచినీటి పథకంలో పంపు ఆపరేటరుగా రిటైరయ్యాడు.

“నూనె డబ్బాకు రెండో చిల్లు ఎందుకు కొడతారురా?”

“గాలి పోవడానికి, బాబాయ్.”

“మరి నీ డబ్బాకు ఉన్న ఒక్క చిల్లూ మూసి పెట్టావా?”

ఏమని జవాబు చెప్పను. పిన్నిని పిలిచి, వీడు లండన్‌లో ఏం చేశాడో విను అన్నాడు. ఇది లండన్ కాదని ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు లండనే.

8 ఫిబ్రవరి, శనివారం

ఈసారి ఊహల మీద కాక కొలిచి పని చేయాలనుకున్నాను. పారదర్శకమైన సన్న గొట్టాన్ని యు ఆకారంలో వంచి ఒక చెక్క స్కేలుకు కట్టాను. సగం దాకా నీళ్ళు పోసి బిర్యానీ రంగు చిటికెడు కలిపాను. ఒక కొస ట్యాంకు మూతలో పెట్టిన చిన్న ముక్కుకు, రెండో కొస బయటి గాలికి. ట్యాంకు లోపల పీడనం తగ్గితే ట్యాంకు వైపు రంగు నీళ్ళు పైకి లేస్తాయి, పెరిగితే బయటి వైపు. రెండు మట్టాల మధ్య తేడా ఎన్ని సెంటీమీటర్లో అదే కొలత.

దాని నుంచి బరువు కట్టడం బడి పిల్లల లెక్క. చదరపు మీటరు మీద ఒక సెంటీమీటరు మందాన నీరు నిలిస్తే 10 లీటర్లు, అంటే 10 కిలోలు. నా ట్యాంకు పైభాగం 1.14 చదరపు మీటర్లు. కాబట్టి స్కేలు మీద ప్రతి సెంటీమీటరూ ట్యాంకు పైకప్పు మీద సుమారు 11 కిలోల ఒత్తిడి.

ముందు సోమవారం నాటి తప్పును కావాలనే మళ్ళీ చేశాను. రంధ్రానికి టేపు వేసి, పోల్‌కు నిమిషానికి రెండు లీటర్లు వదిలాను. స్కేలు మెల్లగా ఎక్కింది. 18 సెంటీమీటర్లు రాగానే గుండె ఆగక పంపు కట్టేశాను. రెండు క్వింటాళ్ళ పైమాట. గాలి కంటికి కనిపించదు కనుక సరిపోయింది. ట్యాంకు మీద రెండు క్వింటాళ్ళ బస్తాలు కనిపిస్తే ఎవరూ పంపు వేయరు.

తర్వాత మొదటి గొట్టం. షెడ్డులో పోల్ పైపు ముక్క మిగిలి ఉంది, లోపలి వ్యాసం 6 మిల్లీమీటర్లు. ట్యాంకు పైభాగంలో మూత పక్కనే, అంటే ముందు అంచుకు దగ్గరగా రంధ్రం చేసి కనెక్టరు బిగించాను. గొట్టాన్ని పది సెంటీమీటర్లు పైకి లేపి, వంచి, నేలలో ఉన్న రబ్బరు బిరడా గుండా వ్యాను కిందికి దించాను. పోల్ నడిపితే స్కేలు అర సెంటీమీటరు కూడా దాటలేదు. నీళ్ళు వాడేటప్పుడు లోపలికి రావలసిన గాలి నిమిషానికి రెండు లీటర్లే కదా.

రంధ్రం చేసేవాళ్ళకు ఒక మాట. రంపం తొలిచిన ప్లాస్టిక్ తురుము అంతా ట్యాంకులోనే పడుతుంది. మూతలోంచి చేయి పెట్టి కింద ఒక సంచి పట్టుకోవాలి. నేను పట్టుకోలేదు. పంపు ఫిల్టరు ఇంకా కొబ్బరి తురుములాంటిది కక్కుతూనే ఉంది.

9 ఫిబ్రవరి, ఆదివారం

నింపేటప్పుడు కథ వేరు. నిమిషానికి 15 లీటర్ల నీరు లోపలికి వస్తే అంత గాలీ ఆ సన్న గొట్టంలోంచే బయటికి పోవాలి. స్కేలు 9 దగ్గర నిలిచింది. వంద కిలోల పైచిలుకు, ఈసారి లోపలి నుంచి పైకి. పైకప్పు బొజ్జలా ఉబ్బింది. రేపు ఒక్కరోజుకు ఇలాగే వెళ్ళి చూస్తాను.

10 ఫిబ్రవరి, సోమవారం

ఘోరం. మొదటి ఇంటి ముందు ఆపి దిగేసరికి వ్యాను కింద ధారగా నీళ్ళు కారుతున్నాయి. ఇంటావిడ కిటికీలోంచి చూస్తోంది. బయట గడ్డకట్టే చలి. ఆమె వాకిలి మీద ఆ నీళ్ళు మంచుపలకగా మారితే జారి పడేది ఆమెనో, పోస్టు తెచ్చే మనిషో. కారు తుడిచే గుడ్డలతో ఆ వాకిలంతా ఒత్తి, ఉప్పు చల్లి, ఆ తర్వాతే కిటికీల మీద చేయి వేశాను.

జరిగింది ఇది. బ్రేకు వేసినప్పుడు నీరు ముందుకు ఎగబాకి గొట్టంలోకి ఎక్కింది. పది సెంటీమీటర్ల వంపు దానికి ఒక లెక్క కాదు. వంపు దాటి కిందికి దిగిన నీరు వెనక నీటిని లాగింది. సన్న గొట్టం కనుక గాలి మధ్యలో దూరలేదు. కిరోసిన్ పీపాలో రబ్బరు గొట్టం పెట్టి నోటితో లాగి వదిలితే దానంతట అదే పారినట్టు పారింది. కనెక్టరు తోక ట్యాంకు లోపలికి రెండు సెంటీమీటర్లు దిగి ఉంది. స్కేలు విప్పాక మూయడం మరిచిన ముక్కులోంచి ట్యాంకులోకి గాలి వస్తోంది కనుక, నీటి మట్టం ఆ తోక కిందికి వచ్చేదాకా ధార ఆగదు. రెండు సెంటీమీటర్ల మట్టం అంటే 23 లీటర్లు.

16 ఫిబ్రవరి, ఆదివారం

గొట్టం లావు పెంచితే సరిపోతుందనుకున్నాను. 19 మిల్లీమీటర్ల మెత్తటి గొట్టం కొన్నాను. అదే రంధ్రాన్ని పెద్దది చేసి, కనెక్టరు తోకను లోపలి వైపు సమానంగా కోసి, ఈసారి 40 సెంటీమీటర్లు పైకి లేపాను. వాకిళ్ళ మీద కారకూడదని వ్యాను పక్కగోడ వెంట వెనక తలుపు దాకా క్లిప్పులతో తీసుకెళ్ళి అక్కడ కిందికి దించాను. నింపినా వాడినా స్కేలు మీద మిల్లీమీటరు తేడా లేదు. సంతోషం. ఇక్కడితో డైరీ ముగిసిందనుకున్నాను.

20 ఫిబ్రవరి, గురువారం

ముగియలేదు. రెండు రోజులుగా వ్యానులో గుడగుడమని శబ్దం. అచ్చం హుక్కా. స్కేలు తగిలించి చూస్తే వింత: కొలత మెల్లగా 11 దాకా ఎక్కుతుంది, గుడగుడ, ఒక్కసారిగా పడిపోతుంది, మళ్ళీ ఎక్కుతుంది.

మెత్తటి గొట్టం రెండు క్లిప్పుల మధ్య ఉయ్యాలలా వేలాడింది. గట్టి బ్రేకు పడినప్పుడు వంపు దాటి వచ్చిన నీరు ఆ పల్లంలో నిలిచింది. వంటింటి తొట్టి కింద వంకర గొట్టంలో నీళ్ళు నిలిచి మురుగు వాసనను ఎలా ఆపుతాయో, ఇక్కడ నా గాలిని అలా ఆపాయి. ఆ నీటిని నెట్టుకుని ఒక బుడగ లోపలికి రావాలంటే ట్యాంకు 11 సెంటీమీటర్ల ఒత్తిడితో లాగాలి. గొట్టం 19 మిల్లీమీటర్లుంటే ఏమిటి, 50 ఉంటే ఏమిటి? దారిలో నీళ్ళు నిలిచాక అది గాలి గొట్టం కాదు.

పొద్దున ఇంకొక ముచ్చట. రాత్రి ఆ పల్లంలో నీళ్ళు గడ్డకట్టాయి. గుడగుడ కూడా లేదు. ఫిబ్రవరి 3 నాటి డబ్బుమనే శబ్దం మళ్ళీ విన్నాను. రబ్బరు గొట్టం మీద ఫ్లాస్కులో వేడినీళ్ళు పోస్తూ నిలబడ్డాను, కాఫీ కోసం తెచ్చుకున్నవి.

ఇన్నాళ్ళూ రంధ్రం ఎంత పెద్దదిగా ఉండాలా అని ఆలోచించాను. గాలికి ఆరు మిల్లీమీటర్లకు కొంచెం పైన ఉన్నా చాలు, ఇక్కడ గాలి కష్టపెట్టలేదు. గాలి దారిలోకి వచ్చిన నీరు మళ్ళీ వెనక్కి పోయే ఏర్పాటు లేకపోవడమే నా కష్టాలన్నిటికీ మూలం.

23 ఫిబ్రవరి, ఆదివారం

పనిముట్లు ముట్టుకోలేదు. ఫోనును డాష్‌బోర్డుకు అంటించి, త్వరణం కొలిచే యాప్ పెట్టి ఊరంతా తిరిగాను. మామూలుగా లైటు దగ్గర ఆగితే 0.3 జి లోపే (భూమి ఆకర్షణ 1 జి). ఖాళీ రోడ్డు మీద గట్టిగా తొక్కితే 0.6. వ్యాను ఆగగలిగిన గరిష్ఠం 1 జి అనుకుందాం.

0.3 జి బ్రేకులో నీటి మట్టం ప్రతి మీటరు పొడవుకూ 30 సెంటీమీటర్లు వాలుతుంది. నిండు ట్యాంకులో ఉన్న కాస్త గాలీ వెనక అంచుకు పోతుంది. నా గొట్టం ముందు అంచున ఉంది, వెనక నుంచి 110 సెంటీమీటర్ల దూరం. అంటే మామూలు బ్రేకుకే అందులో నీరు 33 సెంటీమీటర్లు ఎక్కడానికి చూస్తుంది. 0.6 అయితే 66. పది సెంటీమీటర్ల వంపు ఎందుకు ఓడిందో, 40 కూడా ఎందుకు చాలలేదో ఇప్పుడు తెలిసింది. అడ్డు పలకలు ఊపును తగ్గిస్తాయి తప్ప బ్రేకు పట్టి ఉంచినంతసేపూ ఈ వాలును ఆపలేవు.

అదే గొట్టం ట్యాంకు నట్టనడుమ ఉంటే దూరం 60 సెంటీమీటర్లే. ముందుకైనా వెనక్కైనా అంతే. మామూలు బ్రేకుకు 18, గట్టి బ్రేకుకు 36, ప్రాణం మీదికి వచ్చే బ్రేకుకు 60. వంపు 75 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే నీరు దాన్ని దాటదు. బ్రేకు వదలగానే వెనక్కి జారి ట్యాంకులో పడుతుంది. చోటు మార్చడానికి ఖర్చేమీ లేదు, సగం ఎత్తు మిగిలింది.

2 మార్చి, ఆదివారం

పాత రంధ్రానికి బిరడా మర బిగించాను. నడిమి రంధ్రం చేసేటప్పుడు కింద సంచి పట్టుకున్నాను. మనిషన్నాక నేర్చుకుంటాడు.

మెత్తటి గొట్టం మీద నమ్మకం పోయింది. ఇక్కడి ప్లంబర్లు ఓవర్‌ఫ్లోకు వాడే 21.5 మిల్లీమీటర్ల గట్టి ప్లాస్టిక్ పైపు తెచ్చాను. కనెక్టరు దగ్గర మాత్రం అదురు తట్టుకోవడానికి జానెడు రబ్బరు ముక్క. అక్కడి నుంచి ముందుకూ వెనక్కూ జరగకుండా సూటిగా వ్యాను పక్కగోడ దాకా పైకి వాలుగా, గోడ వెంట నిలువుగా, 75 సెంటీమీటర్ల దగ్గర వంపు, తర్వాత చెక్క పలక వెనక నుంచి నిలువుగా కిందికి. ఎక్కడా అడ్డంగా ఒక్క అంగుళం కూడా లేదు. వంపుకు ఇవతల పడిన చుక్క ట్యాంకులోకి పోవాలి, అవతల పడినది రోడ్డు మీదికి పోవాలి. గోళీ వదిలి చూశాను, రెండు వైపులా ఆగకుండా దొర్లింది.

కింది కొసను వెనక్కి చూసేలా ఏటవాలుగా కోసి స్టీలు వల కట్టాను. మా ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు మీద చేతికర్రల్లా వంగి ఉండే గాలి గొట్టాలు గుర్తొచ్చాయి. వాటి మూతికీ వల ఉంటుంది. చిన్నప్పుడు అవి ఎందుకో ఎవరినీ అడగలేదు.

ఆ ఫోటో బాబాయికి పంపాను. పది నిమిషాల్లో ఫోను.

“గాలి గొట్టం బాగుంది. పొర్లు గొట్టం ఏదిరా?”

“ఇదే, బాబాయ్. నిండితే ఇందులోంచే పోతుంది.”

“నీళ్ళు అంత ఎత్తు ఎక్కి పోవాలి కదా. అంతదాకా నీ ట్యాంకు ఊరుకుంటుందా? మా ట్యాంకుకు రెండూ వేరువేరు.”

ఫోను పెట్టి లెక్క కట్టాను. నింపుతూ మరిచిపోతే నీరు 75 సెంటీమీటర్లు ఎక్కిన తర్వాతే బయటికి దారి. 75 సార్లు 11.4. ఎనిమిదిన్నర క్వింటాళ్ళు, పైకప్పును కింది నుంచి తోస్తూ. బ్రేకు వేసినప్పుడు వచ్చే ఒత్తిడి క్షణాల్లో పోతుంది, అదీ ఒక వైపుకే. ఇది మోటారు ఆపేదాకా పోదు.

9 మార్చి, ఆదివారం

లెక్కను నమ్మడం వేరు, చూడడం వేరు. స్కేలు తగిలించి, మోటారు మీద చేయి వేసుకుని నిండు ట్యాంకును ఇంకాస్త నింపాను. నా స్కేలు గొట్టం పొడవు 30 సెంటీమీటర్లే అన్న సంగతి మరిచాను. నారింజ రంగు నీళ్ళు కొసలోంచి ఎగజిమ్మి చొక్కా మీద, పైన తెల్ల రేకు మీద పడ్డాయి. మా ఆవిడ వచ్చి చూసి, “బిర్యానీకి ఉంచిన రంగు డబ్బా ఇక్కడ ఉందా? నేను వంటిల్లంతా వెతుకుతున్నాను” అంది. మిగిలిన విషయం అడగలేదు.

15 మార్చి, శనివారం

పొర్లు గొట్టం: 32 మిల్లీమీటర్లది, ట్యాంకు పైభాగానికి మూడు సెంటీమీటర్ల ఎత్తులో వంగి నేలలోంచి బయటికి. ఇది అలాగే తెరిచి ఉంటే ప్రతి బ్రేకుకూ నీళ్ళు కుమ్మరిస్తుంది, మళ్ళీ పాత కథే. అందుకని మధ్యలో చేతిపిడి వాల్వు పెట్టాను. నింపేటప్పుడు తెరవాలి, నడిపేటప్పుడు మూయాలి.

తెరవడం మరిచిపోతే? నా మతిమరుపు మీద నాకు నమ్మకం ఎక్కువ. వాల్వును నింపుడు మూతి పక్కకు జరిపి బిగించాను. పిడి మూసి ఉంటే ఆ మూతికి అడ్డంగా వస్తుంది, పైపు తగిలించడానికి చోటు ఉండదు. పిడి తిప్పితేనే మూతి బయటపడుతుంది. ఈ మొత్తం పనిలో నాకు గర్వంగా అనిపించిన భాగం ఇదొక్కటే, దీనికి అయిన ఖర్చు సున్నా. మూయడం మరిచి బయలుదేరితే మొదటి మలుపులోనే నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది. ట్యాంకు మాత్రం పగలదు.

ఈసారి పొడవాటి స్కేలుతో నిండు ట్యాంకును మూడు నిమిషాలు పొర్లించాను. కొలత 4 దగ్గర ఆగింది. పైకప్పు చప్పుడు చేయలేదు.

22 మార్చి, శనివారం

వారమంతా నిండు ట్యాంకుతో తిరిగాను. రెండు సార్లు గట్టి బ్రేకు పడింది, ఒకటి నేను వేసింది, రెండోది ఒక నక్క వేయించింది. వల దగ్గర కట్టిన పొడి దూది రెండు సార్లూ పొడిగానే ఉంది. మూత ఇప్పుడు కొత్త వాషరుతో గట్టిగా బిగించి ఉంది, రంధ్రం మళ్ళీ మూసే ఉంది. ఏడు వారాల కిందట ఇదే తప్పు.

నీళ్ళ టీడీఎస్ మాత్రం పైపు జిగురు వేసిన మరుసటి రోజు 4 చూపించింది. ఒక ట్యాంకు నీళ్ళు పారబోశాక మళ్ళీ సున్నా.

ఖర్చు మొత్తం 58 పౌండ్లు. అందులో 17 పౌండ్లు ఇప్పుడు షెడ్డులో చుట్టి పెట్టిన మెత్తటి గొట్టానిది.

30 మార్చి, ఆదివారం

ఉగాది. ఇక్కడ ఈ రోజే గడియారాలు ఒక గంట ముందుకు జరిగాయి. వేపపువ్వు దొరకక పచ్చడిలో చేదుకు కాకరకాయ వేశాం. మధ్యాహ్నం పాత ప్లైవుడ్ పీకాను. కింద రేకు మీద తుప్పు చుక్కలు నాలుగైదు ఉన్నాయి, గీకి రంగు వేశాను. కొత్త చెక్కకు ఒక పూత వార్నిష్ అయింది, రెండోది రేపు సాయంత్రం. వల విప్పి చూస్తే లోపల ఒక సాలీడు గూడు కట్టడం మొదలుపెట్టింది. దులిపేసి తిరిగి బిగించాను. నెలకోసారి వల చూడాలని క్యాలెండరులో రాసుకున్నాను. స్కేలు పక్కగోడకే ఉంది. రంగు డబ్బా వంటింటికి చేరింది.